కొవ్వు అంటే తిట్టు మాత్రమేనా?

మన భాషలో కొవ్వుకు మర్యాద తక్కువ. "ఒళ్ళు కొవ్వెక్కిందా?" అంటే పొగరని అర్థం. "కొవ్వు కరిగిస్తా" అంటే తన్నులు తప్పవని అర్థం. వంటింట్లో మాత్రం వెన్న, మీగడ, నెయ్యి, నూనె అని ముద్దుపేర్లు పెట్టుకుని పిలుచుకుంటాం, కొవ్వు అనే మాట నోటికి రానివ్వం. ఈ విషయంలో సంస్కృతం కాస్త ఉదారంగా ఉంది. అందులో స్నేహం అంటే చెలిమీ అవుతుంది, జిడ్డూ అవుతుంది. ఆయుర్వేదంలో నెయ్యి, నూనె, వస, మజ్జ, ఈ నాలుగింటినీ స్నేహాలనే అంటారు. బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో ఈ సంగతి విని, మా క్లాసులో బాగా జిడ్డుగా వెంటపడే స్నేహితురాలి వైపు చూసి అందరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈ కొవ్వు అనే మాట పట్టుకుని మా చెల్లి పెద్ద ప్రమాదానికి దగ్గరగా వెళ్ళి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

దానికి నాలుగేళ్ళ కిందట లూపస్ అని తేల్చారు. మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసో కానీ, ఇది ఎక్కువగా మన ఆడవాళ్ళ జబ్బే. పది మంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్ళే, అదీ పిల్లల్ని కని పెంచే వయసులో వస్తుంది. లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. ముఖం మీద వచ్చే పుండ్లు తోడేలు కరిచినట్టు ఉంటాయని పాతకాలం వైద్యులు పెట్టిన పేరట. క్రిముల మీద పోరాడాల్సిన తెల్లకణాలు దారి తప్పి సొంత ఒంటి మీదే పడటం ఈ జబ్బు. మా చెల్లికి మొదట వేళ్ళ కీళ్ళు నొప్పులు, తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడటం, బుగ్గల మీద ఎర్రటి మచ్చ. చివరికి మూత్రంలో నురగ చూసి డాక్టర్ దగ్గరకు పరిగెత్తాం. కిడ్నీల దాకా పాకిందన్నారు.

అప్పటి నుంచి మందులు. వాటిలో స్టెరాయిడ్ ఒకటి. దాంతో ముఖం గుండ్రంగా చందమామలా అయింది. స్టెరాయిడ్ ఒంట్లో కొవ్వుని చేతులూ కాళ్ళ నుంచి ముఖానికీ మెడకీ పొట్టకీ మారుస్తుంది, అది మందు గుణం. కానీ పెళ్ళిళ్ళలో ఎదురుపడిన వాళ్ళకి ఇదంతా ఎవరు చెబుతారు? "ఏమే, బాగా కొవ్వు పట్టావే, అత్తారింట్లో పనేమీ లేదా?" అన్నవాళ్ళు ముగ్గురున్నారు, నాకు లెక్క గుర్తుంది. పని సంగతి అటుంచండి, ఆ రోజుల్లో అది పొద్దున్నే పాలగిన్నె పట్టుకోలేకపోయేది.

మొన్న శ్రావణమాసంలో వాళ్ళ ఆడపడుచు ఫోన్లో ఒక వీడియో పంపింది. దాని సారం ఇది. కణాల మీద కొవ్వు పేరుకోవడం వల్లే రోగనిరోధక శక్తి పిచ్చెక్కి సొంత ఒంటిని తింటుంది, నలభై రోజులు నూనె, నెయ్యి, కొబ్బరి, వేరుశనగ అన్నీ మానేస్తే కణాలు కడిగినట్టు శుభ్రమవుతాయి, ఇక మందులక్కర్లేదు. ఆవిడ చెడ్డది కాదు. వదిన బాగుపడాలనే పంపింది. చెల్లి మూడు వారాలు ఉడకబెట్టిన బీరకాయ, సొరకాయ తిని, అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"అక్కా, రాత్రి వేసుకునే టాబ్లెట్ వారం నుంచి ఆపేశాను. స్టెరాయిడ్ కూడా వచ్చే సోమవారం నుంచి ఆపేద్దామనుకుంటున్నా. కణాల మీద కొవ్వు వల్లే ఈ జబ్బట కదా, నిజమేనా?"

నేను సైన్సు పదో తరగతితో వదిలేసినదాన్ని. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతోంది, అదృష్టవశాత్తూ ఆ వారం ఇంట్లోనే ఉంది. వెంటనే "అబద్ధం" అంటుందనుకున్నాను. అది కాసేపు ఆలోచించి, "పిన్ని అడిగినదాంట్లో సగం నిజమే అమ్మా, అదే గొడవ" అంది. ఆ సగం నిజం ఏమిటో, మిగతా సగం ఎక్కడ తప్పుదారి పట్టిందో రెండు రాత్రులు కూర్చుని నాకూ, ఫోన్లో వాళ్ళ పిన్నికీ చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొర కొవ్వుతోనే తయారవుతుంది. నీళ్ళతో నిండిన ఒంట్లో, నీళ్ళలో కరగని కొవ్వే కణానికి గోడ. దీన్ని మొదట లెక్క కట్టింది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, 1925లో, గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు. ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వుని తీసి నీటి మీద పలచగా పరిచారు. చారు మీద నూనె బొట్టు పరుచుకున్నట్టు అది పరుచుకుంది. దాని వైశాల్యం కొలిస్తే కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే పొర రెండు వరసలన్నమాట. తమాషా ఏమిటంటే వాళ్ళ కొలతలో రెండు పొరపాట్లు దొర్లాయి. కొవ్వు మొత్తం బయటకు రాలేదు, కణాల వైశాల్యాన్నీ తక్కువగా లెక్కేశారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు మాత్రం సరిగ్గా వచ్చింది. మా అమ్మాయికి ఈ కథంటే మహా ఇష్టం. ఆ పొర మందం ఎంతంటే, రెండు లక్షల పొరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక మిల్లీమీటరు.

ఈ గోడ ఇటుక గోడలా కదలకుండా ఉండదు. చలికాలం నెయ్యి పేరుకుంటుంది, వేరుశనగ నూనె జారుతూనే ఉంటుంది. పొరలో నేతి రకం కొవ్వులు ఎక్కువైతే బిగుసుకుంటుంది, నూనె రకం ఎక్కువైతే పలచబడుతుంది. ఏది ఎంత ఉండాలో కణం తనే చూసుకుంటుంది. మధ్యమధ్యలో కొలెస్ట్రాల్ దూరి, మరీ పలచబడకుండా, మరీ గట్టిపడకుండా కాపాడుతుంది. కొలెస్ట్రాల్ అనగానే గుండె పట్టుకుంటాం కదా, అది లేకపోతే మన కణాలకి గోడలే నిలవవు. పైగా మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళు తయారుచేసుకున్నదే, పళ్ళెంలోంచి వచ్చింది కాదు.

ఎంత తయారు చేయాలో కణానికి ఎలా తెలుస్తుంది? మా మేడ మీద నీళ్ళ ట్యాంకులో ఒక బంతి తేలుతూ ఉంటుంది. నీళ్ళు పైకొస్తే బంతి లేచి పంపు మూసేస్తుంది, దిగితే తెరుస్తుంది. కణం లోపల కూడా ఇలాంటిదే ఉందట. అమెరికాలో డాలస్ నగరంలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి ఈ పని మీదే ఉన్నారు. కొలెస్ట్రాల్ మీద చేసిన పనికి 1985లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కణం లోపలి ఒక పొరలో కొవ్వు అణువులు నూరుంటే అందులో కొలెస్ట్రాల్ సుమారు 5 దాటగానే తయారీ ఆగిపోతుంది, తగ్గగానే మళ్ళీ మొదలవుతుంది. దీన్ని 2008లో వాళ్ళ బృందమే కొలిచి చూపించింది. అంత సన్నటి లెక్క. నేను పులుసులో ఉప్పు కూడా అంత కచ్చితంగా వేయలేను.

ఇక తెల్లకణాల సంగతి. వాటిలో టీ కణాలని ఒక రకం. పనిలేనప్పుడు చిన్నగా ఒదిగి తిరుగుతూ ఉంటాయి. తనకు కేటాయించిన శత్రువు కనపడగానే ఉబ్బి, రెండై, నాలుగై, ఎనిమిదై, వారం తిరిగేసరికి వేలవుతుంది. ఒక్కటి రెండు కావాలంటే పైపొర కూడా రెట్టింపు కావాలి కదా, అంత కొవ్వు ఎక్కడిది? లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2008లో ఇది చూశారు. ఎక్కువైన కొలెస్ట్రాల్‌ని బయటకు తోసేయమనే కాపలాదారు ప్రొటీన్ ఒకటి కణంలో ఉంటుంది, పేరు ఎల్ఎక్స్ఆర్. యుద్ధం మొదలవగానే టీ కణం ఆ కాపలాదారు నోరు మూయించి, తయారీ వైపు తలుపులు బార్లా తెరుస్తుంది. ఆ కాపలాదారు పుట్టుకతోనే లేని ఎలుకల్లో లింఫు గ్రంథులు పెరిగిపోయాయి, క్రిములకు చూపే స్పందన కూడా మితిమీరింది. అంటే తెల్లకణం ఎంత పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది కొంత దాని కొవ్వు లెక్కలోనే ఉంది.

ఇంకో తెల్లకణం ఉంది, మాక్రోఫేజ్. దొరికినదాన్ని మింగేసే రకం. వైరస్ వచ్చిందని కబురందగానే అది కొలెస్ట్రాల్‌ని కాస్త మార్చి వేరే పదార్థంగా చుట్టూ వదులుతుంది. దాంతో పక్క కణాల పొరలు కూడా మారి, చాలా రకాల వైరస్‌లకి లోపలికి చొరబడటం కష్టమవుతుందని 2013లో తేలింది. ఊళ్ళోకి దొంగలొచ్చారని తెలిసి వీధిలో అందరూ తలుపులు గడియ పెట్టుకున్నట్టు. ఈ ముక్క విని చెల్లి, "కొవ్వుకి ఇంత తెలివా?" అంది. చాలా రోజుల తర్వాత దాని గొంతులో నవ్వు వినపడింది.

పొరంతా ఒకేలా ఉండదట. కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్ అనే ఇంకో జాతి కొవ్వు ఒకచోట గుంపు కట్టి తేలుతుంటాయి. 1997లో కై సైమన్స్, ఎలీనా ఇకోనెన్ అనే శాస్త్రవేత్తలు వీటికి తెప్పలని పేరు పెట్టారు. విజయవాడలో దసరాకి కృష్ణలో తెప్పోత్సవం చూసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ఆ తెప్పలు ఎంత పెద్దవి, ఎంతసేపు నిలుస్తాయి అని శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి. ఏమైనా, శత్రువుని గుర్తుపట్టే రిసెప్టర్లు ఇలాంటి చోట చేరినప్పుడు కణం లోపలికి కబురు గట్టిగా వెళ్తుంది. తెప్ప మీద జనం ఎక్కువైతే? కబురు అవసరానికి మించి వెళ్తుంది.

ఇక్కడే వస్తుంది చెల్లి అడిగిన సగం నిజం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో లూపస్ రోగుల టీ కణాలను తీసి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కణాలతో పోలిస్తే, వాటి పొరలో చక్కెర తగిలించుకున్న స్ఫింగోలిపిడ్లు ఎక్కువగా ఉన్నాయి. 2014లో వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. వేరే జబ్బుకి వాడే ఒక మందుతో, ఆ కొవ్వు తయారీని గాజు పాత్రలో పెంచుతున్న కణాల్లో తగ్గించారు. టీ కణాల తీరు చాలావరకు మామూలు దారికి వచ్చింది, సొంత ఒంటి మీద తయారయ్యే యాంటీబాడీలు కూడా తగ్గాయి. కాబట్టి "కణాల మీద కొవ్వు" అన్న మాట ఆ వీడియో చేసినాయన గాల్లోంచి తీసింది కాదు. ఎక్కడో విన్నాడు.

కానీ ఆ కొవ్వు ఎవరిది? వదిన పోపులో వేసిన నూనెదా? కాదు. ఆ స్ఫింగోలిపిడ్లను కణమే తన లోపల, తన ఎంజైములతో, తన లెక్క ప్రకారం తయారుచేసుకుంటుంది. లూపస్‌లో తప్పింది ఆ లెక్క. ట్యాంకులో బంతి ఇరుక్కుపోయి నీళ్ళు పొంగుతుంటే, కింద వంటింట్లో నీళ్ళు తాగడం మానేస్తే ఆగుతాయా?

పోనీ, కొలెస్ట్రాల్‌నే మందులతో తగ్గిస్తే జబ్బు తగ్గుతుందా అంటే, అదీ చేసి చూశారు. అమెరికాలో 200 మంది లూపస్ రోగుల్లో కొందరికి రెండేళ్ళ పాటు అటోర్వాస్టాటిన్ ఇచ్చి, 2011లో ఫలితం చెప్పారు. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గినా లూపస్ తీవ్రత తగ్గలేదు. అంత బలమైన మందుకే లొంగనిది సొరకాయ ఉడకబెట్టి తింటే లొంగుతుందా అని నేను అడిగితే చెల్లి ఏమీ మాట్లాడలేదు.

తిండికి అసలు సంబంధమే లేదని నేనూ అనను. సముద్రపు చేపల్లో ఉండే ఒమేగా 3 రకం కొవ్వులు తింటే అవి తెల్లకణాల పొరల్లోకి చేరతాయి. పొరల్లోంచి తీసిన కొవ్వుతోనే ఒళ్ళు వాపు, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తుంది. ఆస్పిరిన్ అడ్డుకునేది ఆ తయారీనే అని కనిపెట్టినందుకు జాన్ వేన్‌కి 1982లో నోబెల్‌లో వాటా వచ్చింది. కాబట్టి ఏ నూనె, ఎంత అన్నది ఆలోచించాల్సిందే. అసలు వద్దనుకోవడమే ముప్పు.

ఆ ముప్పు కూడా కొత్తగా తెలిసింది కాదు. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు చుక్క కొవ్వు లేని తిండి పెట్టి చూశారు. (ఆ రోజుల్లో శాస్త్రపత్రం మీద భార్య పేరు కూడా పడిందంటే నాకు భలే ముచ్చటేసింది.) ఎలుకల చర్మం పొలుసులు రేగింది, తోకలు పుండ్లు పడ్డాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, చివరికి చచ్చిపోయాయి. జబ్బుపడ్డ వాటికి రోజూ కాసిని చుక్కల కొవ్వు ఇస్తే కోలుకున్నాయి. కొన్ని కొవ్వులు మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి అని అప్పుడు తెలిసింది. నువ్వుల నూనెలో, వేరుశనగ నూనెలో, అవిసె గింజల్లో ఉండేవి అవే. కిడ్నీలు అనే మాట విన్నాక చెల్లి గొంతు మారింది.

ఇంకొకటి. లూపస్ ఉన్నవాళ్ళు ఎండలోకి వెళ్ళకూడదు, ఎండ జబ్బుని రేపుతుంది. ఎండ లేకపోతే డి విటమిన్ తగ్గుతుంది, అందుకని టాబ్లెట్ ఇస్తారు. ఆ విటమిన్ కొవ్వులో కరిగేది, తిండిలో కాస్త కొవ్వు ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది. మా చెల్లి డి విటమిన్ టాబ్లెట్‌ని మూడు వారాలుగా నూనె చుక్క లేని అన్నం మీద వేసుకుంటోంది.

అన్నిటికంటే నేను భయపడింది రాత్రి టాబ్లెట్‌కి. దాని పేరు హైడ్రాక్సీక్లోరోక్విన్, కరోనా రోజుల్లో దేశమంతా మారుమోగిన పేరే. లూపస్‌లో ఇది పునాది రాయి లాంటి మందు. కెనడాలో జబ్బు అదుపులో ఉన్న రోగుల్లో సగం మందికి ఆ మందు కొనసాగించి, మిగతావాళ్ళకి తెలియకుండా ఉత్తి టాబ్లెట్ ఇచ్చి ఆరు నెలలు గమనించారు. మందు ఆగిపోయినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు. ఇది 1991 నాటి మాట. ఇక స్టెరాయిడ్ సంగతి మరీ ఘోరం. రోజూ బయటి నుంచి అందుతుంటే ఒళ్ళు తన స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది, ఉన్నపళంగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్లు మెట్లు దించినట్టు నెమ్మదిగా దించుతారు. "సోమవారం" అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ఆ ఆదివారమే నేనూ, మా అమ్మాయీ తెనాలి వెళ్ళాం. మర్నాడు పొద్దున్నే దాన్ని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాం. కోప్పడతారనుకున్నాం, కోప్పడలేదు. ఆ మందు ఒంట్లో వారాల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి వారం రోజులకి పెద్ద నష్టం జరగలేదన్నారు. రక్తం, మూత్రం పరీక్షలు రాశారు. మూత్రంలో ప్రొటీన్ పాత లెక్క దగ్గరే ఉంది. ఉప్పు తగ్గించమన్నారు, పచ్చళ్ళు, అప్పడాలు పక్కన పెట్టమన్నారు. నూనె మితంగా వాడుకోమన్నారు. "మీ అడ్డూ ఆపూ లేని శత్రువు కొవ్వు కాదమ్మా, టాబ్లెట్ మర్చిపోవడం" అన్నారు.

తిరిగొచ్చాక చెల్లి వాళ్ళ ఆడపడుచుకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, ఎలా మాట్లాడుతుందోనని. "వదినా, నువ్వు పంపిన వీడియోలో సగం నిజమేనట. మిగతా సగం నువ్వు వచ్చినప్పుడు చెప్తాను, మా అక్క కూతురు బొమ్మలు గీసి ఇచ్చింది" అంది. ఆవిడ పండక్కి వస్తానంది. బొమ్మలు నిజంగానే ఉన్నాయి, ఫ్రిజ్ తలుపుకి అంటించింది. రెండు వరసల పొర, మధ్యలో కొలెస్ట్రాల్, ఒక తెప్ప. తెప్ప మీద మా అమ్మాయి చిన్న అమ్మవారిని కూడా గీసింది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు కళ్ళు చూపించుకుంటూ ఉండాలట, ఎప్పుడో ఒకప్పుడు లోపలి పొర మీద ప్రభావం చూపవచ్చని. చెల్లికి ఈ ఏడు పరీక్ష ఇంకా కాలేదు. వచ్చే గురువారానికి తీసుకున్నాం. కంట్లో చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు వెలుతురు చూడలేదు, అందుకని నేను తోడు వెళ్తున్నాను. మీ ఇళ్ళలో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో ఈ పూటే అడగండి.